ఏటీవీ మరమ్మతు నేర్చుకుందాం – 6వ పాఠం: విప్పే ముందు రాయండి

గత పాఠంలో ఎయిర్ ఫిల్టర్ పెట్టె తెరిచి, ఇసుక దులిపి, అంచులకు గ్రీజు పూసి మూయడం నేర్చుకున్నాం. అది బండి (ఏటీవీ, అంటే ఇసుక, బురద, కొండదారుల్లోనూ తిరిగే చిన్న బండి) బాగున్నప్పుడు చేసే పని. ఈ పాఠం బండి ఆగిపోయినప్పటిది, అందులోనూ వారంటీ గడువు ఇంకా మిగిలి ఉన్న బండిది. గడువు దాటిన బండిని మీకు తోచినట్టు విప్పుకోవచ్చు. గడువులో ఉన్న బండిని విప్పే తీరు వేరు. బీచ్‌లో అద్దెకు తిప్పుకునే కుర్రాళ్లైనా, కొండల్లో రిసార్టు నడిపేవాళ్లైనా, తోటలో మందు ట్యాంకు లాగించుకునే రైతులైనా ఇక్కడే నష్టపోతున్నారు. లోపం కంపెనీదే అయినా, దాన్ని చూపించే గుర్తులను తామే చెరిపేసుకుంటున్నారు.

బండి ఆగగానే చెయ్యి స్పానర్ మీదికి పోతుంది. ముందు ఫోన్ మీదికి పోవాలి. ఈ పాఠంలో నేను చెప్పదలచుకున్నది ప్రధానంగా ఇదే. రోగం కనిపెట్టడం, దానికి సాక్ష్యం నిలబెట్టుకోవడం రెండు పనులు కావు. ఒకే పనిని సరిగ్గా చేస్తే రెండూ అవుతాయి.

ఆగిన చోటే

మీటరు మీద ఎర్ర దీపం వెలిగితే, అది ఆయిలుదైనా వేడిదైనా, ఇంజిన్ వెంటనే ఆపండి. వీడియో కోసం ఇంకో నిమిషం తిప్పితే బోరు (సిలిండరు లోపలి గోడ) గీసుకుపోవచ్చు. పైగా "దీపం వెలిగాక కూడా నడిపారు" అన్న ఒక్క మాటతో మీ వారంటీ క్లెయిమును కంపెనీ కొట్టేయొచ్చు. ఇంజిన్ ఆపాక కీ మళ్లీ ఆన్ చేసి, స్టార్ట్ చేయకుండా, మీటరు ఫోటో తీయండి. అందులో ఎర్రర్ కోడ్, కిలోమీటర్లు, అవర్ మీటరు (ఇంజిన్ నడిచిన గంటలు) మూడూ కనిపించాలి. ఏటీవీకి కిలోమీటర్ల కన్నా గంటలే ముఖ్యం. చాలా కంపెనీలు సర్వీసు గడువులను గంటల్లోనే చెబుతాయి.

కోడ్ ఫోటో తీసేదాకా బ్యాటరీ తీగలు విప్పకండి. కొన్ని మోడళ్లలో కోడ్ చెరిగిపోతుంది. ఎర్ర దీపం ఏదీ లేకుండా కేవలం వింత చప్పుడు వస్తుంటే మాత్రం అర నిమిషం వీడియో తీయండి. ఒకసారి న్యూట్రల్‌లో, ఒకసారి గేరులో తీస్తే చప్పుడు ఇంజిన్‌దా, డ్రైవుదా (చక్రాలను తిప్పే భాగాలదా) అన్నది అంచనాకు వస్తుంది.

తర్వాత బండి చుట్టూ తిరిగి ఫోటోలు తీయండి: నాలుగు చక్రాలు, యాక్సిల్ రబ్బరు బూట్లు (ఇరుసు కీళ్ల మీది తొడుగులు), రేడియేటరు ముఖం, కింద నేల మీద పడిన చుక్కలు. ఛాసిస్ నంబరు ఫోటో తప్పనిసరి. మన దగ్గర అమ్మే ఏటీవీల్లో చాలావాటికి రోడ్డు రిజిస్ట్రేషన్ ఉండదు, అంటే ఆర్‌సీ పుస్తకం ఉండదు. అప్పుడు బండి మీదేననడానికి ఛాసిస్ నంబరు వేసిన బిల్లే ప్రధాన ఆధారం. బిల్లులో ఆ నంబరు లేకపోతే ఈరోజే డీలరు దగ్గరకెళ్లి సరి చేయించుకోండి. బండి ఆగాక అడిగితే పని అంత సులువుగా కాదు.

కరెంటు సంగతి ముందు

సెల్ఫ్ కొడితే టక్‌మని ఊరుకుంటే ఇంజిన్ పోయిందని హడలిపోనక్కర్లేదు. మల్టీమీటరు తీయండి. బండి ఆపి కొన్ని గంటలైన తర్వాత బ్యాటరీలో 12.6 వోల్టులు ఉంటే నిండుగా ఉన్నట్టు. సెల్ఫ్ కొడుతున్నంతసేపు 10 వోల్టుల దిగువకు పడిపోతుంటే బ్యాటరీ బలహీనం, లేదా టెర్మినల్ వదులు. బండి నడుస్తున్నప్పుడు 14 వోల్టులకు అటూ ఇటూగా ఉండాలి. 13 కూడా దాటకపోతే చార్జింగ్ అందడం లేదు. కరెంటు పుట్టించే స్టేటర్, దాన్ని అదుపులో ఉంచే రెగ్యులేటర్ సాధారణంగా వారంటీ కిందికి వస్తాయి. బ్యాటరీకి చాలాసార్లు విడిగా, తక్కువ గడువు ఉంటుంది. కాబట్టి ఈ మూడు కొలతలూ మీటరు కనబడేలా ఫోటో తీసి ఉంచితే, "బ్యాటరీ పాతబడింది, మార్చుకోండి" అన్న జవాబుకు మీ దగ్గర ఎదురు జవాబు ఉంటుంది.

సముద్రం ఒడ్డున తిరిగే బండికి ఉప్పు గాలి కనెక్టర్లను తినేస్తుంది. పచ్చటి పొడి కనబడితే తుడవకముందే ఫోటో తీయండి.

బెల్టు

ఈ పాఠంలో ఎక్కువసేపు ఆగవలసింది ఇక్కడే. స్కూటరులో లాగానే చాలా ఏటీవీల్లోనూ సీవీటీ (వేగాన్ని బట్టి దానంతటదే సర్దుకునే బెల్టు డ్రైవు) ఉంటుంది: ముందొక క్లచ్, వెనకొక క్లచ్, మధ్యలో రబ్బరు బెల్టు. కాలిన రబ్బరు వాసన, ఇంజిన్ గోల పెడుతున్నా బండి కదలకపోవడం, అంటే బెల్టు జారుతోంది లేదా తెగింది.

వారంటీ కాగితంలో బెల్టును దాదాపు ఎప్పుడూ అరిగే వస్తువుల జాబితాలో వేస్తారు. బ్రేకు ప్యాడ్లు, ప్లగ్గు, ఫిల్టర్లు కూడా అక్కడే ఉంటాయి. కాబట్టి మీరు వెళ్లి "బెల్టు పోయింది" అంటే, "దానికి వారంటీ లేదు" అంటారు. ఆ మాట తప్పు కాదు. కానీ బెల్టు ఎందుకు పోయిందన్నది వేరే ప్రశ్న. క్లచ్‌కు వారంటీ ఉంటుంది. రెండు క్లచ్‌లు ఒకే వరుసలో లేకపోయినా, క్లచ్ సరిగ్గా వెనక్కి రాకుండా పట్టేస్తున్నా, కవరు సీలు నీళ్లను లోపలికి వదులుతున్నా కొత్త బెల్టు కూడా కాలిపోతుంది. అలాంటి బండికి మీ డబ్బుతో బెల్టు మీద బెల్టు వేసుకుంటూ పోవడం అన్యాయం.

తెగిన బెల్టును పారేయకండి. చేతిలోకి తీసుకుని వెలుతురులో తిప్పి చూడండి. ఒకటి రెండు చోట్ల మాత్రమే నడుం సన్నబడినట్టు కాలి ఉంటే, బండి కదలకుండా ఇరుక్కున్నప్పుడు యాక్సిలరేటర్ బలంగా ఇచ్చారని అర్థం. ఇసుకలో కూరుకున్నప్పుడు జరిగేది ఇదే, ఇది నడిపినవారి తప్పు. రెండు పక్కలూ చుట్టూతా నునుపెక్కి మెరుస్తుంటే, నీళ్లు పోవడమో, లో గేరులో వెళ్లవలసిన చోట హై గేరులో లాగడమో కారణం. ఒకవైపు అంచు మాత్రమే చుట్టూతా దారాలు లేచి ఉంటే, రెండు క్లచ్‌లు వరుసలో లేవని బలమైన అనుమానం. ఈ మూడోది మీకు పనికొచ్చే సాక్ష్యం. బెల్టును సంచిలో పెట్టి, తేదీ, గంటలు రాసి దాచండి. రెండో బెల్టు కూడా అదే తీరుగా పోతే, రెండూ పక్కపక్కన పెట్టి చూపించవచ్చు.

కాలిన తీరు మొదటి రకంది అయితే ఒప్పుకోండి. ఆ క్లెయిము పెట్టకండి. మన తప్పును కంపెనీ మీద వేస్తే, రేపు నిజమైన లోపం వచ్చినప్పుడు మీ మాట చెల్లదు.

వారంటీలో ఉన్న బండికి క్లచ్‌లు మీరు విప్పవద్దు. కవరు తీసి బెల్టు మార్చడం మాత్రం చాలా కంపెనీలు వాడేవారి పుస్తకంలోనే చూపిస్తాయి. మీ పుస్తకంలో అది ఉందో లేదో చూసుకుని చేయండి.

వేడి, నీళ్లు, ఇసుక

బురదలో తిరిగాక ఇంజిన్ వేడెక్కితే ముందు రేడియేటరు చూడండి. దాని రేకుల మధ్య మట్టి ఎండిపోతే గాలి ఆడదు. వేడిగా ఉండగా మూత తీయకండి, ఒళ్లు కాలుతుంది. చల్లారాక మెల్లటి నీటితో కడగండి. ప్రెషర్ వాషరు దగ్గరగా పెడితే రేకులు ముడుచుకుపోతాయి, ఆ ముడతలు కూడా షోరూంలో లెక్కకు వస్తాయి. రేడియేటరు శుభ్రంగా ఉండి, కూలెంటు (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) మట్టం సరిగ్గా ఉండి, ఫ్యాను మాత్రం తిరగకపోతే ఫ్యూజు చూసి ఆగిపోండి. ఫ్యాను మోటారు, సెన్సారు సంగతి షోరూం వాళ్లు తేల్చాలి.

ఆయిలు గేజీ తీసి చూస్తే పాలు ఎక్కువైన టీ రంగులో ఉందనుకోండి, ఇంజిన్‌లో నీళ్లు కలిశాయి. ఇక సెల్ఫ్ కొట్టకండి. కూలెంటు మట్టం కూడా తగ్గి ఉంటే లోపల గాస్కెట్టో, నీటి పంపు సీలో పోయి ఉండొచ్చు, అప్పుడు వారంటీ అడగవచ్చు. కూలెంటు అలాగే ఉండి, ఎయిర్ ఫిల్టర్ పెట్టెలో తడి ఉంటే వాగులో లోతుగా దింపినప్పుడు నీళ్లు పీల్చిందన్నమాట. అప్పుడు క్లెయిము నిలబడదు. రెండింటికీ తేడా చూపేది ముఖ్యంగా కూలెంటు మట్టం ఫోటోనే. అందుకే వాగు దాటే ముందు మట్టం చూసుకునే అలవాటు చేసుకోండి.

ఇసుక సంగతి గత పాఠంలో చాలా చెప్పాను. ఒక్కటి మాత్రం మళ్లీ చెబుతాను. ఫిల్టర్ దాటి లోపలికెళ్లే గొట్టంలో వేలు పెట్టి తుడవండి, వేలు శుభ్రంగా ఉన్న ఫోటో ప్రతి సర్వీసుకీ తీసి పెట్టుకోండి. బోరు అరిగి నీలం పొగ వచ్చిన రోజు మొదటి అనుమానం ధూళి మీదికే పోతుంది. వరుస ఫోటోలున్న యజమానిని ఆ మాటతో అంత తేలిగ్గా పంపించలేరు.

షోరూంలో జాబ్ కార్డు

జాబ్ కార్డులో (బండి తీసుకునేటప్పుడు షోరూం వాళ్లు ఫిర్యాదు రాసుకునే కాగితం) రోగం పేరు రాయించకండి, లక్షణం రాయించండి. "బెల్టు సమస్య" అని రాస్తే అది అరిగే వస్తువు కింద పడిపోతుంది. "లో గేరులో, చదును నేల మీద, నెమ్మదిగా వెళుతుండగా కాలిన వాసన, ఇంజిన్ వేగం పెరిగినా బండి కదలలేదు, ఇది రెండోసారి" అని రాయించండి. రాసేవాళ్లు కుదించబోతే వినయంగానే, కానీ పట్టుగా, మీ మాటల్లోనే రాయమనండి. సంతకం చేసేముందు కార్డు ఫోటో తీసుకోండి.

విప్పి చూస్తామంటే ముందు ఒకటి అడగండి: వారంటీ వర్తించదని తేలితే విప్పిన కూలి ఎంత, ఎవరు కట్టాలి? జవాబు కార్డు మీద ఉండాలి. తీసిన పాత భాగాలు తేలేదాకా పారేయవద్దని కూడా రాయించండి. క్లెయిము తిరస్కరిస్తే ఏ షరతు ప్రకారమో కాగితం మీద ఇమ్మనండి. నోటి మాట మీద వెనక్కి రాకండి. ఇవ్వకపోతే అదే రోజు మీరే ఈమెయిలు పెట్టండి. ఇలా సరిపోతుంది:

"అయ్యా, నా ఏటీవీ (ఛాసిస్ నంబరు…, కొన్న తేదీ…, అవర్ మీటరు…) ఈ నెల … తేదీన మీ సర్వీసు సెంటరుకు అప్పగించాను, జాబ్ కార్డు నంబరు… . లక్షణాలు: … . వారంటీ వర్తించదని మీ సిబ్బంది ఈరోజు నోటిమాటగా చెప్పారు. ఏ షరతు ప్రకారమో రాతపూర్వకంగా తెలపండి. తీసిన భాగాలను భద్రపరచండి. ఫోటోలు జత చేశాను."

కాపీ కంపెనీ కస్టమర్ కేరుకు కూడా పంపండి. కోపం మాటలు వద్దు. ఈ ఉత్తరం రేపు ఇంకెవరో చదవాల్సి రావచ్చు.

బయటి మెకానిక్ దగ్గర ఆయిలు మార్పించినందుకే వారంటీ పోయిందంటే ఏం చేయాలి? 2014లో కాంపిటీషన్ కమిషన్ (మార్కెట్లో పోటీ న్యాయంగా ఉండేలా చూసే కేంద్ర సంస్థ) 14 కార్ల కంపెనీల మీద ఇచ్చిన ఉత్తర్వులో, బయట మరమ్మతు చేయించారన్న ఒక్క కారణంతో వారంటీని మొత్తంగా రద్దు చేసే షరతు పెట్టవద్దని చెప్పింది. అది కార్ల గురించిన ఉత్తర్వు, ఏటీవీకి నేరుగా వర్తించదు. అయినా ఆ న్యాయం అడగదగ్గదే: ఆ ఆయిలు మార్పుకూ, పోయిన భాగానికీ ఏం సంబంధమో చూపించమనండి. అలా అడగాలంటే మీ దగ్గర ఆయిలు బిల్లు ఉండాలి.

మాట వినకపోతే

మొదట జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, 1915. తెలుగులో మాట్లాడవచ్చు. చాలా తగవులు ఇక్కడే సర్దుబాటు అవుతాయి. కాకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. చెల్లించిన ధర 50 లక్షలు మించనంతవరకు అదే చోటు. ధర 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. మీరు ఉండే ఊరు ఏ జిల్లాలో ఉంటే అక్కడే వేయవచ్చు, డీలరు ఊరికి పోనక్కర్లేదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. తగవు పుట్టిన నాటి నుంచి 2 ఏళ్ల లోపు వేయాలి. "చూద్దాం, చేద్దాం" అని డీలరు తిప్పుతుంటే ఈ గడువు మరచిపోకండి.

బండిని అద్దెకు తిప్పేవారికి ఒక మెలిక ఉంది. వ్యాపారం కోసం కొన్నవారు ఈ చట్టం దృష్టిలో వినియోగదారులు కారు. కానీ స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసం కొన్నవారు అవుతారు. ఆటోనో లారీనో కొని తానే నడుపుకుని బతికేవాడు వినియోగదారుడేననీ, సాయానికి ఒకరిద్దరిని పెట్టుకున్నంత మాత్రాన ఆ హక్కు పోదనీ 1995లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో స్పష్టం చేసింది. బీచ్‌లో ఒక్క ఏటీవీ కొనుక్కుని తానే తిప్పుకునేవారు ఈ వాదన చేయవచ్చు. పది బండ్ల రిసార్టుకు ఆ దారి కష్టం. ఇక్కడ ఇంకో జాగ్రత్త: అద్దె వాడకానికి వారంటీ ఇవ్వమనో, గడువు తగ్గుతుందనో చాలా కంపెనీల షరతుల్లోనే ఉంటుంది. కొనేముందు ఆ పేరా చదవండి. అద్దెకు తిప్పుతూ సొంత వాడకమని చెప్పి కొనకండి.

ఏం కోరాలన్నది కూడా ముఖ్యం. మొదటి లోపానికే "బండి మొత్తం మార్చండి" అని పట్టుబడితే కేసు బలహీనపడుతుంది. 2006లో ఒక కారు కేసులో, వారంటీ షరతుల ప్రకారం లోపమున్న భాగం బాగుచేయడమో మార్చడమో చేయాలే తప్ప కారు మొత్తం మార్చమనడం కుదరదని సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి ముందు భాగం మార్చమని, బండి మూలపడి ఉన్న రోజులకు పరిహారం ఇమ్మని అడగండి. అదే లోపం మళ్లీ మళ్లీ వస్తుంటే ప్రతి జాబ్ కార్డూ జతచేసి, బండి మార్చడమో డబ్బు వాపసో కోరండి.

ఈ వారం అభ్యాసం

మీ బండి ఇప్పుడు బాగానే ఉందనుకుందాం. బిల్లు తీసి ఛాసిస్ నంబరు బండి మీదిదానితో సరిపోల్చండి. వారంటీ కాగితంలో మినహాయింపుల పేరా బయటికి చదివి, బెల్టు, బ్యాటరీ, అద్దె వాడకం అన్న మూడు మాటల కింద గీతలు గీయండి. బ్యాటరీ కొలతలు మూడూ తీసి తేదీతో రాయండి. ఫోన్‌లో బండి పేరుతో ఒక ఆల్బం తెరిచి ఈ ఫోటోలన్నీ అందులో వేయండి. వచ్చే పాఠంలో యాక్సిల్ బూటు చిరిగితే గ్రీజు పోకముందే ఎలా పట్టుకోవాలో, చక్రం ఊపి బేరింగ్ ఎలా పరీక్షించాలో చూద్దాం. దానికి ఒక జాకీ, రెండు గట్టి చెక్క దిమ్మెలు సిద్ధం చేసుకోండి.