ఆకుకూరల్లో కొత్త రకం కోసం తల్లి, తండ్రి రకాలను ఎంచుకోవడం ఎలా?

మంచి దిగుబడి ఇచ్చే రెండు రకాలు చేతిలో ఉంటే వెంటనే క్రాస్ చేసేయాలని, అంటే ఒకదాని పుప్పొడి రెండోదాని పువ్వుకు అందించి విత్తనం కట్టించాలని అనిపిస్తుంది. ఆగండి. ఆ రెండూ ఒకే మూలం నుంచి వచ్చినవైతే పిల్ల మొక్కల్లో కొత్త లక్షణాల కలయికలు పెద్దగా రావు, మీ శ్రమంతా వృథా. ముందు జన్యు వైవిధ్యం, అంటే రకాల మధ్య వారసత్వంగా ఎంత తేడా ఉందో కొలవాలి.

సేకరించిన రకాలన్నీ ఒకే నేలలో, ఒకే సీజన్‌లో, కనీసం మూడు రెప్లికేషన్లలో (ప్రతి రకాన్నీ మూడు వేర్వేరు మడుల్లో) వేయండి. మొక్క ఎత్తు, ఆకుల సంఖ్య, ఆకు బరువు, కాడ బరువు, ఒక్కో కోతలో వచ్చిన దిగుబడి, పూతకు పట్టిన రోజులు రాసుకోండి. వీలైతే ఎక్కువైతే ఒంటికి మంచివి కాని ఆక్సలేట్, నైట్రేట్ కూడా పరీక్ష చేయించండి, తినేది ఆకే కదా.

ఈ లెక్కలతో మహలనోబిస్ డి-స్క్వేర్ విలువలు (అన్ని లక్షణాలనూ కలిపి రెండు రకాల మధ్య తేడాను ఒకే అంకెగా చెప్పే గణాంక కొలత) కడితే ఏ రకం దేనికి ఎంత దూరమో తెలిసి, అవి క్లస్టర్లుగా, అంటే దగ్గరి పోలికలున్న గుంపులుగా విడిపోతాయి. వేర్వేరు ప్రాంతాల నుంచి తెచ్చారు కాబట్టి వేర్వేరు క్లస్టర్లలో పడతాయని అనుకోకండి, విత్తనం చేతులు మారుతూ ఎంత దూరమైనా వెళ్తుంది.

చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే: అత్యంత దూరంగా ఉన్న రెండు క్లస్టర్లు చూసి, అందులోంచి చెరొకటి తీసేసుకుంటారు. ఆ దూరం దేనివల్ల వచ్చిందో చూడాలి. ఎక్కువ వాటా మొక్క ఎత్తుదే అయితే మీరు పొడుగు మొక్కనీ పొట్టి మొక్కనీ కలుపుతున్నారంతే, ఆకు దిగుబడికి దాంతో పెద్దగా ఒరిగేది లేకపోవచ్చు. ఒక్కో లక్షణానికి క్లస్టర్ సగటులు ముందు పెట్టుకుని, రెండూ సొంతంగా బలమైనవై, ఒకదాని లోపం రెండోదానిలో లేని జత వెతకండి. ఆకు బాగా వచ్చినా త్వరగా పూతకొచ్చే రకానికి ఆలస్యంగా పూసే రకం సరైన జోడీ. రెండూ తొందరగా పూసేవైతే ఎంత దూరమున్నా వదిలేయండి. వేరే జాతులతో క్రాస్ చేస్తే గింజ కట్టకపోవచ్చు, కట్టినా పిల్ల మొక్కలు గొడ్డుపోవచ్చు.

క్రాసింగ్ పద్ధతి పంటను బట్టి మారుతుంది. మెంతి, లెట్యూస్ ప్రధానంగా స్వపరాగ సంపర్కం చేసుకునేవి, అంటే సొంత పుప్పొడితోనే గింజ కడతాయి, వాటిలో తల్లి పువ్వుకు సొంత పుప్పొడి అంటకుండా మొగ్గ దశలోనే జాగ్రత్తపడాలి. స్పినాచ్‌లో సాధారణంగా మగ, ఆడ మొక్కలు వేరు, పుప్పొడి గాలిలో వస్తుంది కాబట్టి తల్లి మొక్కల్ని దూరంగా ఉంచాలి. తోటకూర పూలు మరీ చిన్నవి, పుప్పొడినిచ్చే కేసరాలు తీయడం నరకం. అందుకని ఆకుపచ్చ రకాన్ని తల్లిగా, ఎర్ర రకాన్ని తండ్రిగా పెట్టండి. ఎరుపు సాధారణంగా బహిర్గత లక్షణం (ఒక్క తల్లి లేదా తండ్రి నుంచి వచ్చినా పైకి కనిపించేది) కాబట్టి, నారు దశలో ఎర్రగా కనిపించినవే అసలైన సంకర మొక్కలు. పచ్చవి పీకేయండి.

ఏ పంటైనా, ఆ సంకర మొక్కల విత్తనంతో రెండో తరాన్ని వీలైనంత పెద్దగా పెంచండి, లక్షణాలు విడిపోయి కనిపించేది అందులోనే.