అరికమేడు చూడాలంటే ముందు ఎగ్మోరు వెళ్లండి

రోమన్ల కాలం నాటి రేవు పట్నం కదా అని స్తంభాలు, తోరణాలు ఊహించుకుని పుదుచ్చేరి దగ్గరి అరికమేడు వెళ్తే ఉసూరుమంటారు. నెల్లూరు నుంచి వచ్చిన మా బావమరిది "మూడు గంటలు కార్లో కూర్చోబెట్టింది ఈ తోట చూపించడానికా బావా?" అని నిలదీశాడు. అందుకే ఇప్పుడు చెన్నైలో నన్నెవరడిగినా ముందు ఎగ్మోరు మ్యూజియానికి పొమ్మంటాను. శుక్రవారం సెలవు, చూసుకోండి.

మన అమరావతి శిల్పాలు చాలా ఉన్నది ఆ మ్యూజియంలోనే. 1944లో పురావస్తు శాఖ అధిపతి మార్టిమర్ వీలర్ అక్కడి ఓ బీరువాలో రోమన్ జాడీ మెడ ముక్క చూశాడు. ఎక్కడిదని ఆరా తీస్తే పాండిచ్చేరి దగ్గరిదన్నారు. మరుసటి ఏడాదే అరికమేడులో తవ్వకాలు మొదలుపెట్టాడు.

చెన్నై నుంచి ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద పుదుచ్చేరి దాదాపు 150 కిలోమీటర్లు. ఊళ్లోకి రాగానే భారతి పార్కు దగ్గరి మ్యూజియం చూసెయ్యండి (దీనికి సోమవారం సెలవు). అరికమేడులో దొరికిన పూసలు, కుండ పెంకులు ఉన్న చోట తీరిగ్గా నిలబడండి. మధ్యధరా తీరం నుంచి ద్రాక్షసారా, ఆలివ్ నూనె వచ్చింది మొన తేలిన అడుగున్న జాడీల్లోనే. ఇటలీలోని అరెజ్జో తరహా ఎర్ర పళ్లేల ముక్కలూ అరికమేడులో దొరికాయి. వాటి కాలం ముందే తెలుసు గనక, అదే మట్టిపొరలో ఉన్న మన కుండల వయసూ తేలింది. లోపల అడుగున సన్నటి గాట్లు వలయాలుగా తిరిగిన పళ్లేల పెంకులుంటాయి చూడండి, అలాంటివే అమరావతిలోనూ బయటపడ్డాయి.

పుదుచ్చేరి నుంచి కడలూరు రోడ్డులో, అరికమేడు ఉన్న అరియాంకుప్పం నాలుగైదు కిలోమీటర్లే. కడలూరు బస్సెక్కి అక్కడ దిగి, ఆటో మాట్లాడుకోవచ్చు. తోటలో నిలిచి ఉన్న ఇటుక గోడల ముందు "రోమన్ కట్టడం" అని ఫొటోలు దిగుతుంటారు. అవి 18వ శతాబ్దిలో ఫ్రెంచి మిషనరీలు కట్టుకున్న భవనం తాలూకువి. వీలర్ తవ్విన గుంటలు పూడిపోయాయి. ఆయన గోదామనుకున్న 150 అడుగుల కట్టడం కూడా పైకి కనపడదు.

అసలు చూడాల్సింది పక్కనున్న అరియాంకుప్పం ఏటి గట్టు. పడవలు లోపలికి ఎలా వచ్చేవో అక్కడ నిలబడితే అర్థమవుతుంది. వాన వెలిసిన తర్వాత వెళ్తే కాళ్ల కింద పెంకులు తేలి కనిపిస్తాయి. వంగి చూడండి, జేబులో మాత్రం వేసుకోకండి. అది రక్షిత స్థలం. పిల్లలకు ముందే గట్టిగా చెప్పాలి.

మంచినీళ్లు, టోపీ, బూట్లు తప్పనిసరి. ఆదివారమైతే నాలుగింటికల్లా బండి తిప్పేయండి, చీకటి పడ్డాక ఈసీఆర్ ట్రాఫిక్‌తో టెన్షనే.