రోడ్డు మీద మతి తప్పి తిరిగే మనిషిని ఆస్పత్రికి చేర్చడం ఎలా?

కావలసినవి: నీళ్ల సీసా, చార్జింగ్ ఉన్న ఫోను, రెండు తెల్ల కాగితాలు, పెన్ను, సగం రోజు తీరిక. తోడు కావాలంటే ఒక్కరినే తెచ్చుకోండి. నలుగురు చుట్టుముడితే ఎవరికైనా భయమే. వీడియో తీసే స్నేహితుడైతే అసలు వద్దు.

1. మాట కలపండి

కాస్త ఎడంగా కూర్చుని టీ ఇవ్వండి. బిస్కెట్లు వద్దు, అవి ఎవరో ఒకరు విసిరేసి పోతూనే ఉంటారు. టీ అయితే తాగేదాకా పక్కనే ఉండొచ్చు. పేరు, ఊరు అడగండి. ఊరి పేరు రాక "రైలుకట్ట పక్కన చెరువు" అన్నా అలాగే రాసుకోండి. తెలియని భాషైతే వినబడ్డట్టే తెలుగులో రాయండి. మూట మాత్రం ముట్టుకోవద్దు. ఆ మనిషి ఎక్కడికెళ్తే మూట కూడా అక్కడికే.

2. పోలీస్ స్టేషన్‌కు వెళ్లండి

అందరూ చెడగొట్టేది ఇక్కడే. "మా పని కాదు, 108కి చెప్పండి" అంటారు పోలీసులు. లేదంటే "కోర్టు ఆర్డరుందా?" అంటారు. అది 1987 నాటి చట్టం అలవాటు, అప్పుడు ముందు మేజిస్ట్రేటు దగ్గరికి తీసుకెళ్లాలి. ఇప్పుడున్నది 2017 మెంటల్ హెల్త్‌కేర్ యాక్ట్. తెచ్చుకున్న కాగితాల మీద అర్జీ రెండు కాపీలు రాయండి, మొదటి లైన్లోనే "సెక్షన్ 100" అని ఉండాలి. తన బాగోగులు చూసుకోలేక తిరిగే మానసిక రోగిని రక్షణలోకి తీసుకుని, 24 గంటల్లోపు దగ్గర్లోని సర్కారు ఆస్పత్రిలో చూపించాల్సింది పోలీసులే. లాకప్‌లో పెట్టకూడదు. గొంతు పెంచకండి, స్టేషన్‌లో గెలిచేది కాగితమే. రెండో కాపీ మీద ముద్ర వేయించుకోకుండా బయటికి రావద్దు.

బండి ఎక్కించగానే పని అయిపోయిందనుకోకండి. ఇల్లు లేని మనిషైతే మిస్సింగ్ పర్సన్ ఎఫ్‌ఐఆర్ కట్టి, ఇంటివాళ్లను వెతకాలని అదే సెక్షన్ చెబుతోంది. దాన్ని అడిగేవాళ్లే ఉండరు. అది లేకపోతే మందులతో తేరుకున్నాక కూడా ఆ మనిషి కోసం వచ్చేవాళ్లుండరు, వార్డే ఇల్లవుతుంది. మీరు రాసుకున్న చెరువు, రైలుకట్ట ఎఫ్‌ఐఆర్‌లో ఎక్కాయో లేదో చదివి చూసుకోండి.

ఏదో ఆశ్రమానికి ఫోన్ చేస్తే ఆటో పంపిస్తారు కదా, ఇంత తిప్పలెందుకని చాలామంది అంటారు. ఆ ఆటో ఎక్కడికి పోయిందో రేపు ఎవరిని అడుగుతారు? తమిళనాడులోని ఏర్వాడిలో 2001 ఆగస్టు 6న ఇలాంటి ప్రైవేటు వసతిలో మంటలు లేస్తే, గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది కాలిపోయారు. మంచివాళ్లూ ఉన్నారు. మహారాష్ట్రలోని కర్జత్‌లో డాక్టర్ భరత్ వట్వానీ సంస్థ రోడ్డు మీది రోగులకు వైద్యం చేసి సొంతూరికి చేరుస్తోంది, 2018లో ఆయనకు మెగసెసే అవార్డు వచ్చింది. అలాంటి చోటైనా సరే, ముందు ఎఫ్‌ఐఆర్.

3. ఆస్పత్రి

సర్కారు మానసిక ఆస్పత్రి హైదరాబాద్‌లో అయితే ఎర్రగడ్డ, విశాఖలో చినవాల్తేరు. పొద్దున్నే ఓపీకి వెళ్లేలా చూడండి. ఎప్పటినుంచి అక్కడ ఉంటున్నారో, ఏం తింటున్నారో, కాళ్ల మీద పుండ్లున్నాయో డాక్టరుకు చెప్పండి. అడ్మిషన్ అక్కర్లేదంటే తిరిగి ఫుట్‌పాత్ మీద దించకూడదు, నిరాశ్రయుల సర్కారీ వసతికి చేర్చాల్సింది మళ్లీ పోలీసులే. ఏం చేయాలో తోచకపోతే సర్కారు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్‌కు (14416) ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు.

వారం తర్వాత ఎఫ్‌ఐఆర్ నంబరు పట్టుకుని స్టేషన్‌కు మళ్లీ వెళ్లండి. ఊరు దొరికిందా అని అడగండి.