గ్నోమ్ డెస్క్‌టాప్‌లో పని గంటలు లెక్కించే ఎక్స్‌టెన్షన్: ఇన్‌స్టాల్ చేయడం, సొంతంగా రాసుకోవడం

ఏ పనికి ఎంత సమయం పట్టిందో లినక్స్ డెస్క్‌టాప్ అయిన గ్నోమ్‌లో తెర పైభాగాన ఉండే పట్టీలోనే కనిపించేలా చేయడానికి చిన్న ఎక్స్‌టెన్షన్ (డెస్క్‌టాప్‌కు అదనపు సౌకర్యం చేర్చే ప్రోగ్రాము) ఒకటి చాలు. గంటల లెక్కన బిల్లు పంపేవారికి ఆ అంకె ఐదు నిమిషాలు తప్పినా ఇబ్బందే కాబట్టి, ఇక్కడ ఎక్కువ శ్రద్ధ లెక్క తప్పకుండా చూడటం మీదే పెడుతున్నాను.

మొదట సెట్టింగ్స్‌లో మీ గ్నోమ్ వెర్షన్ ఎంతో చూసుకోండి. 2023 సెప్టెంబరులో వచ్చిన 45వ వెర్షన్‌తో ఎక్స్‌టెన్షన్లు జావాస్క్రిప్ట్ మాడ్యూల్ పద్ధతికి మారాయి. అందువల్ల 44 వరకు రాసినవి ఆ తరువాతి వెర్షన్లలో నడవవు, కొత్తవి పాతవాటిలో నడవవు. సిద్ధంగా ఉన్నది కావాలంటే ఎక్స్‌టెన్షన్ మేనేజర్ అనే యాప్‌లో వెతికి ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు. జిప్ ఫైలుగా దొరికితే గ్నోమ్-ఎక్స్‌టెన్షన్స్ అనే ఆదేశంతో ఇన్‌స్టాల్ చేసి, వేలాండ్ (కిటికీలను తెర మీద చూపే కొత్త పద్ధతి) వాడేవారు ఒకసారి లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అయ్యాకే దాన్ని ఆన్ చేయాలి.

సొంతంగా రాయాలనుకుంటే అదే ఆదేశంలోని క్రియేట్ భాగం అవసరమైన ఫోల్డరును తయారు చేసి ఇస్తుంది. ఫోల్డరు పేరు, మెటాడేటా ఫైలులో (ఎక్స్‌టెన్షన్ వివరాలుండే ఫైలు) ఇచ్చిన యూయూఐడీ, అంటే దాని ప్రత్యేక గుర్తింపు పేరు, అక్షరం తేడా లేకుండా ఒకటే కావాలి. మీ గ్నోమ్ వెర్షన్ అంకె ఆ ఫైలులోని జాబితాలో లేకపోతే ఎక్స్‌టెన్షన్ పాతబడినదిగా గుర్తింపు పొంది ఆగిపోతుంది. అసలు కోడ్‌లో ఎనేబుల్, డిజేబుల్ అనే రెండు ఫంక్షన్లు తప్పనిసరి: మొదటిదానిలో పై పట్టీకి బటన్‌ను, అందులో లేబుల్‌ను చేర్చి టైమర్ మొదలుపెడతాము, రెండవదానిలో వాటన్నిటినీ తొలగిస్తాము.

కొత్తగా రాసేవారు సాధారణంగా సెకనుకోసారి ఒక అంకెను పెంచుతూ పోతారు. ఇది సరైన పద్ధతి కాదు. స్క్రీన్ లాక్ కాగానే గ్నోమ్ మామూలు ఎక్స్‌టెన్షన్లన్నిటినీ డిజేబుల్ చేసి, అన్‌లాక్ అయ్యాక మళ్లీ ఎనేబుల్ చేస్తుంది. మీకంటే ముందు లోడైన వేరే ఎక్స్‌టెన్షన్‌ను ఆపినప్పుడు కూడా మీది ఒక క్షణం ఆగి మళ్లీ మొదలవుతుంది. జ్ఞాపకంలో మాత్రమే ఉంచిన లెక్క టీ తాగి వచ్చేసరికి సున్నా కావడానికి కారణం ఇదే. అందుచేత పనిని విడతలుగా భావించి, ఒక్కో విడత మొదలైన సమయాన్ని, ముగిసిన సమయాన్ని ఫైలులో రాయాలి. డిజేబుల్ వచ్చినప్పుడు నడుస్తున్న విడతను ముగించి, ఎనేబుల్ వచ్చినప్పుడు అదే పనికి కొత్త విడత తెరవాలి. పట్టీలోని టైమర్ ఈ విడతల మొత్తాన్ని చూపించడానికే పరిమితం కావాలి. కరెంటు పోయి కంప్యూటర్ ఒక్కసారిగా ఆగిపోయినా నష్టం తక్కువగా ఉండాలంటే, నిమిషానికోసారి ముగింపు సమయాన్ని తాజాపరుస్తూ ఉండటం మంచిది.

సమయాలను యూటీసీలో (ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయం) దాచి, చూపేటప్పుడు మాత్రమే మన 5:30 గంటలు కలపండి. హైదరాబాదులో కూర్చుని విదేశీ సంస్థకు రాత్రిపూట పనిచేసేవారి విడతలు అర్ధరాత్రిని దాటుతాయి కనుక, ఏ భాగం ఏ తేదీకి చెందుతుందో అప్పుడు ఏ దేశపు గడియారం ప్రకారమైనా తేల్చవచ్చు.

కుర్చీలో మనిషి లేని సమయాన్ని కూడా వదిలివేయాలి. కీబోర్డు, మౌస్ కదలిక లేని కాలాన్ని మటర్‌లోని (గ్నోమ్‌లో కిటికీలను నిర్వహించే భాగం) ఐడిల్ మానిటర్ చెబుతుంది. దానికి మిల్లీసెకన్లలో 3,00,000 ఇస్తే ఐదు నిమిషాల తరువాత కబురు అందుతుంది. అప్పటికే ఐదు నిమిషాలు గడిచిపోయాయి గనుక విడత ముగింపును అంత వెనక్కి జరపాలి. చాలామంది మరిచిపోయేది ఈ తీసివేతనే.

ఎక్స్‌టెన్షన్ కోడ్ డెస్క్‌టాప్‌ను నడిపే ప్రధాన ప్రోగ్రామైన గ్నోమ్ షెల్‌లోనే నడుస్తుంది కాబట్టి ఫైలు రాయడం ఆలస్యమైతే తెర మొత్తం బిగుసుకుపోతుంది; రాత పనికి తప్పక అసింక్ పద్ధతినే (రాత పూర్తయ్యేవరకు మిగతా పనులు ఆగని పద్ధతి) వాడండి. సెట్టింగ్స్ కిటికీ వేరే ప్రాసెస్‌లో నడుస్తుంది, అందుకే కిటికీలు, బటన్లు తయారుచేసే లైబ్రరీ అయిన జీటీకేను సెట్టింగ్స్ కోడ్ ఉండే ప్రిఫ్స్ ఫైలులో తప్ప అసలు కోడ్‌లో చేర్చకూడదు.

మార్పు చేసిన ప్రతిసారీ లాగౌట్ కావడం విసుగు తెప్పిస్తుంది. కిటికీలో నడిచే మరో షెల్‌ను తెరిచి అందులో పరీక్షించుకోవచ్చు; దానికి 48 వరకు నెస్టెడ్ అనే ఆప్షన్, 49 నుంచి డెవ్‌కిట్ అనే ఆప్షన్ వాడాలి. తప్పుల సందేశాలు జర్నల్‌లో, అంటే సిస్టమ్ లాగ్‌లో, కనిపిస్తాయి. ఇతరులకు ఇచ్చే ముందు మీ అసలు సెషన్‌లో పని ప్రారంభించి, స్క్రీన్ లాక్ చేసి, ల్యాప్‌టాప్‌ను నిద్రపుచ్చి, తరువాత ఆరు నిమిషాలు చేతులు కదపకుండా కూర్చుని, ఎక్స్‌టెన్షన్ చూపిన మొత్తాన్ని కాగితం మీద మీరు రాసుకున్న సమయాలతో పోల్చండి. రెండూ సరిపోయాక ప్యాక్ ఆదేశంతో జిప్ తయారు చేసి గ్నోమ్ వారి సమీక్షకు పంపవచ్చు. డిజేబుల్‌లో ఆపకుండా వదిలేసిన టైమర్ ఒక్కటి కనిపించినా వారు తిప్పి పంపుతారు.