ఎగుమతుల పాఠం బియ్యం బస్తాతో మొదలుపెట్టండి

హైస్కూల్ పిల్లలకు అంతర్జాతీయ వాణిజ్యం చెప్పేటప్పుడు నిర్వచనాలు పక్కనపెట్టి, 2023 జులై 20న ఏం జరిగిందో చెప్పి చూడండి. ఆ రోజు మన ప్రభుత్వం బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని నిషేధించింది, ఇక్కడ ధరలు అదుపులో ఉండాలని. అంతే, అమెరికాలో మనవాళ్లు సోనా మసూరి బస్తాల కోసం షాపుల ముందు క్యూ కట్టారు. అక్కడ పిన్నో బాబాయో ఉన్న పిల్లలు వెంటనే చెవులు రిక్కిస్తారు.

ఇప్పుడు పాత్రలు పంచండి: రైతు, మిల్లర్, ఇక్కడ బియ్యం కొనే గృహిణి, డాలస్‌లో షాపు యజమాని. నిషేధం మంచిదా కాదా అని ఎవరి వైపు నుంచి వాళ్లు వాదించాలి. రైతుకు కాస్త ఎక్కువ టైమ్ ఇవ్వండి. ఎగుమతి ఆగితే తన ధాన్యం ధర ఏమవుతుందన్నదే అసలు పాఠం. 2024 సెప్టెంబరులో నిషేధం ఎత్తేశారన్న సంగతి మాత్రం వాదన ముగిశాకే చెప్పండి.