సర్వర్‌లో రెండరయ్యే వెబ్ యాప్‌లో జావాస్క్రిప్ట్ ఎర్రర్‌ని పట్టుకోవడం ఎలా?

నెక్స్ట్ జేఎస్ లాంటి వాటితో కట్టిన యాప్‌లో, క్లిక్‌ల్లాంటి వాటికి స్పందించే కాంపోనెంట్ (పేజీలో ఒక భాగాన్ని తయారుచేసే కోడ్) రెండు చోట్ల నడుస్తుంది. ముందు సర్వర్‌లో నోడ్ (బ్రౌజర్ బయట జావాస్క్రిప్ట్‌ను నడిపే ప్రోగ్రామ్) దాన్ని హెచ్‌టీఎంఎల్‌గా మార్చి పంపుతుంది. తర్వాత బ్రౌజర్‌లో రియాక్ట్ అనే లైబ్రరీ అదే కోడ్‌ను మళ్లీ నడిపి, ఆ పేజీకి క్లిక్‌లు వగైరా తగిలిస్తుంది. దీన్నే హైడ్రేషన్ అంటారు. కాబట్టి ఎర్రర్ కనబడగానే కోడ్ మీద చెయ్యి వేయకండి. అది ఎక్కడ పుట్టిందో ముందు తేల్చుకోండి.

1. టెర్మినల్‌నీ, బ్రౌజర్ కన్సోల్‌నీ పక్కపక్కన పెట్టుకుని పేజీ రీలోడ్ చేయండి.

2. ‘విండో ఈజ్ నాట్ డిఫైన్డ్’ అని వస్తే తప్పు సర్వర్ వైపుది. విండో, డాక్యుమెంట్ అనేవి బ్రౌజర్ ఇచ్చేవి, నోడ్‌లో ఉండవు. ఆ కోడ్‌ను యూజ్‌ఎఫెక్ట్ (రెండర్ అయ్యాక నడిచే రియాక్ట్ ఫంక్షన్) లోపలికి మార్చండి, అది బ్రౌజర్‌లో మాత్రమే నడుస్తుంది. చాలామంది రెండర్ మధ్యలోనే ‘విండో ఉందా’ అని ఇఫ్ పెట్టేస్తారు. దాంతో ఈ ఎర్రర్ పోయి, హైడ్రేషన్ ఎర్రర్ వచ్చి కూర్చుంటుంది. అంటే సర్వర్ పంపిన పేజీ, బ్రౌజర్‌లో రియాక్ట్ తయారుచేసింది ఒకదానితో ఒకటి కలవలేదని.

3. హైడ్రేషన్ ఎర్రర్ అయితే, ముందు ఎక్స్‌టెన్షన్లు లేని విండోలో పేజీ తెరవండి. కొన్ని ఎక్స్‌టెన్షన్లు హెచ్‌టీఎంఎల్‌ను మార్చేస్తాయి. అయినా ఎర్రర్ పోకపోతే, వ్యూ పేజ్ సోర్స్‌లో సర్వర్ పంపినదాన్నీ, స్క్రీన్ మీద ఉన్నదాన్నీ పోల్చండి. రియాక్ట్ 19 అయితే డెవలప్‌మెంట్‌లో ఆ తేడాని తనే చూపిస్తుంది.

నన్ను బాగా ఏడిపించింది తేదీల తేడా. రాత్రి ఒంటిగంటకు పెట్టిన ఆర్డర్‌కు సర్వర్ 4వ తేదీ వేస్తే, బ్రౌజర్ 5వ తేదీ వేసింది. సర్వర్ గడియారం యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంది. మన టైమ్ దానికంటే 5:30 గంటలు ముందు. అర్ధరాత్రి నుంచి తెల్లవారుజాము 5:30 లోపు వచ్చిన ఆర్డర్లకే తేడా పడేది. నా ల్యాప్‌టాప్‌లో నోడ్ కూడా ఇండియా టైమే చూస్తుంది కాబట్టి అక్కడ ఎంత వెతికినా దొరకలేదు. చివరికి టీజెడ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కు యూటీసీ ఇచ్చి సర్వర్ స్టార్ట్ చేస్తే, మొదటి రీలోడ్‌కే ఎర్రర్ బయటపడింది.

4. తేదీ రాసేచోట టైమ్‌జోన్ ‘ఏషియా/కోల్‌కతా’ అనీ, లొకేల్ (తేదీ ఏ భాష, ప్రాంతం పద్ధతిలో రాయాలో చెప్పేది) ఫలానా అనీ స్పష్టంగా ఇవ్వండి. అమెరికాలో ఉన్నవాళ్లకు వాళ్ల టైమే చూపించాలంటే, ఆ లెక్క యూజ్‌ఎఫెక్ట్‌లో చేయండి.

5. ట్యాగ్‌కు తగిలించే ‘సప్రెస్ హైడ్రేషన్ వార్నింగ్’ అనే రియాక్ట్ సెట్టింగ్ జోలికి తొందరపడి వెళ్లకండి. అది హెచ్చరికను దాస్తుందే తప్ప తేడాని సరిచేయదు. పైగా ఆ ట్యాగ్ లోపల ఒక్క లెవెల్ వరకే పనిచేస్తుంది.

6. ప్రొడక్షన్‌లో ‘మినిఫైడ్ రియాక్ట్ ఎర్రర్ 418’ అని నంబర్ మాత్రమే కనిపిస్తే అదీ హైడ్రేషన్ తేడానే. అదే డేటాతో, అదే టైమ్‌జోన్‌తో డెవలప్‌మెంట్ మోడ్‌లో నడిపితే పూర్తి మెసేజ్ వస్తుంది.