సముద్రంలోని గాలిమరల వేక్ నష్టాన్ని వాతావరణ స్థితిని బట్టి లెక్కించడం ఎలా

ముందు వరుస టర్బైను గాలి నుంచి శక్తిని తీసుకున్నాక దాని వెనుక బలహీనపడి, సుడులు తిరుగుతూ సాగే గాలిని వేక్ అంటారు. ఆ గాలి వెనుక వరుసలకు తగలడం వల్ల తగ్గే విద్యుదుత్పత్తే వేక్ నష్టం. దీన్ని ఏడాదికి ఒకే శాతంగా చెప్పి ఊరుకోవడం సరిపోదు. గాలి ఒకే దిక్కు నుంచి ఒకే వేగంతో వీచినా, అది సముద్రం కంటే వెచ్చగా ఉందా, చల్లగా ఉందా అన్నదాన్ని బట్టి నష్టం చాలా మారిపోతుంది.

చల్లని గాలి వెచ్చని నీటి మీదికి వచ్చినప్పుడు కింది పొర వేడెక్కి పైకి లేస్తుంది, పైనున్న వేగవంతమైన గాలి కిందికి దిగుతుంది. ఈ కలయిక వల్ల వేక్ త్వరగా కోలుకుంటుంది. దీన్ని అస్థిర స్థితి అంటారు. వసంతంలో ఉత్తర సముద్రం మీద తరచుగా దీనికి విరుద్ధంగా జరుగుతుంది. నేల మీద వేడెక్కిన గాలి, చలికాలపు చల్లదనం ఇంకా వదలని నీటి మీదికి చేరి, నిలువు కదలికలు అణగిపోయిన స్థిర స్థితిని ఏర్పరుస్తుంది. అప్పుడు వేక్ చాలా దూరం చెదరకుండా సాగుతుంది.

డెన్మార్క్ పశ్చిమ తీరానికి ఆవల 2002లో నిర్మించిన హార్న్స్ రెవ్ 1నే తీసుకుందాం. అక్కడ 2 మెగావాట్ల టర్బైన్లు 80 ఉన్నాయి. రోటరు (తిరిగే రెక్కల చక్రం) వ్యాసం 80 మీటర్లు, టర్బైన్ల మధ్య ఎడం 560 మీటర్లు. గాలి సరిగ్గా వరుస వెంట సెకనుకు 10 మీటర్ల వేగంతో వీస్తోందనీ, థ్రస్ట్ గుణకం (టర్బైను గాలిని ఎంత బలంగా అడ్డుకుంటుందో చెప్పే సంఖ్య) 0.8 అనీ అనుకుందాం. వేక్‌లో గాలి వేగాన్ని అంచనా వేసే జెన్సెన్ నమూనాలో విస్తరణ గుణకం, వేక్ దూరంతో పాటు ఎంత త్వరగా వెడల్పవుతుందో చెబుతుంది; వేక్ త్వరగా కోలుకునే స్థితిలో అది ఎక్కువ, స్థిర స్థితిలో తక్కువ. దాన్ని 0.05గా తీసుకుంటే రెండో టర్బైనుకు సెకనుకు సుమారు 8.1 మీటర్ల వేగంతో గాలి అందుతుంది, 0.03గా తీసుకుంటే 7.3 మాత్రమే. శక్తి వేగం ఘనాన్ని అనుసరిస్తుంది కాబట్టి, మొదటి టర్బైనుతో పోలిస్తే రెండోది ఒక సందర్భంలో 53 శాతం, మరో సందర్భంలో 38 శాతం ఇస్తుంది. వాస్తవంలో గాలి దిక్కు ఊగిసలాడుతుంది కనుక సగటు నష్టం ఇంత ఉండదు. అయినా, సముద్రానికి అలవాటుగా వాడే 0.04ను అన్ని స్థితులకూ ఒకేలా వర్తింపజేయడం ఎందుకు సరికాదో ఈ లెక్కే చూపుతుంది.

ఇక మీ దగ్గరున్న సమాచారంతో పని మొదలుపెట్టండి. టర్బైన్ల కొలతలను నిరంతరం నమోదు చేసే స్కాడా వ్యవస్థలో ఏడాదికి 10 నిమిషాల సగటులు 52,560 ఉంటాయి. ఆగిపోయిన టర్బైన్లు, ఉత్పత్తి తగ్గించమన్న ఆదేశాలు ఉన్న సమయాలను ముందే తీసేయండి. మిగిలిన ప్రతి సగటుకూ బల్క్ రిచర్డ్‌సన్ సంఖ్యను, అంటే గాలి-నీటి ఉష్ణోగ్రతల తేడా ప్రభావాన్ని గాలి వేగంతో పోల్చి స్థితిని చెప్పే సంఖ్యను, లెక్కించండి. 60 మీటర్ల ఎత్తున గాలి 8 డిగ్రీలు ఉంటే, ఆ గాలి సముద్రమట్టానికి దిగితే వేడెక్కే మేరకు 0.6 కలిపి 8.6గా తీసుకోవాలి. నీటి ఉపరితలం 6.6 డిగ్రీలు, వేగం సెకనుకు 8 మీటర్లు అయితే ఆ సంఖ్య సుమారు 0.066 వస్తుంది. ధన సంఖ్య అయితే స్థిరం, ఋణ సంఖ్య అయితే అస్థిరం, సున్నాకు దగ్గరగా ఉంటే తటస్థం. అదే ఉష్ణోగ్రతల తేడాతో వేగం 16 మీటర్లకు చేరితే సంఖ్య నాలుగో వంతుకు, 0.016కు పడిపోతుంది. తేమ కొలతలు ఉంటే వర్చువల్ ఉష్ణోగ్రతనే (గాలి బరువు మీద తేమ ప్రభావాన్ని కలుపుకున్న ఉష్ణోగ్రత) వాడండి, సముద్రం మీద ఆ తేడాను తీసిపారేయలేము.

ఎక్కువ మంది తడబడేది ఆ తర్వాతి పోలికలోనే. స్థిర, అస్థిర సమయాల ఉత్పత్తిని నేరుగా పోల్చకూడదు, ఎందుకంటే స్థితి దిక్కుతోనూ వేగంతోనూ ముడిపడి ఉంటుంది. ఉత్తర సముద్రంలో నైరుతి గాలి తరచుగా వెచ్చదనాన్ని, ఉత్తర గాలి చలిని మోసుకొస్తాయి. అందుచేత ముందు దిక్కునూ వేగాన్నీ సన్నని అరలుగా విభజించి, ఆ తర్వాతే ఒక్కో అర లోపల స్థితుల మధ్య తేడా చూడండి. ప్రమాణంగా, గాలికి ఎదురుగా ఉన్న మొదటి వరుస టర్బైన్ల ఉత్పత్తినే వాడండి. నాసెల్ (టర్బైను స్తంభం మీది యంత్రాల గది) మీది వేగమాపకం రోటరు వెనుక చెదిరిన గాలిని కొలుస్తుంది కాబట్టి దాన్ని నమ్మడం కష్టం. గాలి బాగా బలంగా ఉండి వెనుక వరుసలు కూడా పూర్తి సామర్థ్యంతో తిరిగే అరల్లో నష్టం దాదాపు కనిపించదు, వాటి మీద సమయం వెచ్చించనక్కరలేదు.

స్థిర స్థితి అరల్లో మీ నమూనా ఊహించినదానికంటే మొదటి వరుసే తక్కువ ఇస్తూ ఉంటే, ఎగువన, అంటే గాలి వచ్చే వైపున, వేరే గాలిమరల క్షేత్రం ఉందేమో పటంలో చూడండి. 2016, 2017లలో జర్మన్ తీరానికి ఆవల విమానంతో చేసిన కొలతల్లో, స్థిర వాతావరణంలో అలాంటి క్షేత్రాల వేక్ పదుల కిలోమీటర్ల దూరం వరకూ కనిపించింది. ఎగువన పొరుగు క్షేత్రం ఉన్న దిక్కులను విడిగా లెక్కగట్టాకే, వేక్ విస్తరణ గుణకాన్ని స్థితివారీగా సవరించండి.